రాయలేదంటే మార్పు లేదని

జూన్ 2

అక్కా,

చేరాను. గది మూడో అంతస్తులో ఇచ్చారు. లిఫ్టు ఉంది. దాని మీద ‘పనిచేయదు’ అన్న కాగితమూ ఉంది. ఆ కాగితం ఎప్పుడో పసుపు రంగుకి తిరిగింది. పక్క గదుల్లో ఉన్న పిల్లలు మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. మొదటి రోజు నన్ను చూసి, “ఆంటీ, మీ అమ్మాయి ఏ గదిలో?” అని అడిగారు. “నేనే అమ్మాయినమ్మా” అన్నాను. నవ్వాలో వద్దో తెలియక పాపం నిలబడిపోయారు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. ఫోన్లో నువ్వు ‘ఊఁ’ అంటావు, ‘సరే’ అంటావు, పెట్టేస్తావు. ఆ ‘ఊఁ’కి అర్థం వెతుక్కుంటూ నేను పూటంతా పాడుచేసుకుంటాను. ఉత్తరమైతే నీకు నాలుగు ముక్కలు రాయక తప్పదు.

ఇక్కడి పద్ధతి చెబుతాను. డాక్టరు చదువు పూర్తిచేసి, వైద్యం మధ్యలో మానేసినవాళ్ళు మళ్ళీ చెయ్యాలంటే ఈ ఆస్పత్రిలో మూడు నెలలు ఉండాలి. చివర్లో ఇక్కడి పెద్ద డాక్టరు, అందరూ పెద్దాయన అంటారు, ఒక రోగి దగ్గర నిలబెట్టి పరీక్ష చేస్తారు. ఆయన సంతకం పెడితే నేను డాక్టర్ని. లేకపోతే లేదు. మానేసి పదిహేనేళ్ళు దాటితే ఈ అవకాశం కూడా ఉండదు. నాకు పధ్నాలుగు నిండాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

పాఠాలు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. “పెద్దవాళ్ళు మీరు, మీరే చదువుకోండి” అని ఒక లైబ్రరీ కార్డు చేతిలో పెట్టి, ఫోన్లో ఒక ఏఐ వేసి ఇచ్చారు. వైద్యంలో ఏది అడిగినా చెబుతుంది. దానికి మాస్టారు అని పేరు పెట్టాను. నా జీవితంలో నన్ను కసురుకోని మాస్టారు ఇదొక్కటే.

చిక్కేమిటంటే, అది కల్పించి ఇచ్చే రోగులు మరీ బుద్ధిమంతులు. లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్న వరసన అప్పజెబుతారు. నిజం మనుషులు అలా చెబుతారా? నువ్వు ముప్పై ఏళ్ళుగా వార్డులో నర్సుగా ఉన్నావు. ఉత్తరానికొక రోగిని పంపవూ?

పిచ్చుక

జూన్ 6

పిచ్చుకా,

ఉత్తరం అందింది. నేను ఉన్నాను.

పంపుతాను. పేరు రాయను, ఊరు రాయను, మంచం నంబరు మార్చి రాస్తాను. డ్యూటీ మారేటప్పుడు ఒక సిస్టరు ఇంకో సిస్టరుకి ఎలా అప్పజెబుతుందో అలాగే రాస్తాను. వేరేలా రాయడం నాకు రాదు.

ఏడో మంచం. డెబ్బై దగ్గర మగమనిషి. కుట్టుపని. వారం రోజులుగా కాళ్ళ వాపు. జ్వరం లేదు. నిద్ర పట్టదంటాడు, చూసినప్పుడల్లా గురక పెడుతుంటాడు.

మూడు అంతస్తులు ఒకేసారి ఎక్కకు. రెండో అంతస్తులో ఆగు.

అక్క

జూన్ 9

అక్కా,

ఏడో మంచం తాతగారిని మాస్టారికి అప్పజెప్పాను. అరనిమిషంలో పదకొండు కారణాలు చెప్పింది. గుండె, కాలేయం, కిడ్నీలు, థైరాయిడ్, తిండిలో లోపం, నేను పేరు కూడా మర్చిపోయినవి రెండు. అన్నీ నోట్సు రాసుకుని, నీకోసం ఇంకో నకలు రాశాను. నాలుగు పేజీలు. వేళ్ళు వంకర్లు పోయాయి. చూడు ఎంత ముచ్చటగా ఉందో. కాలేజీలో ఉండగా ఇలాంటిదొకటి ఉంటేనా, గోల్డ్ మెడల్ మెడలో వేసుకుని అన్నం తినేదాన్ని.

పిచ్చుక

జూన్ 12

పిచ్చుకా,

పదకొండూ చదివాను. దస్తూరి బాగుంది.

రెండు కాళ్ళూ ఒకేలా వాచాయా, ఒకటి ఎక్కువ వాచిందా అని నువ్వు అడగలేదు. ఎడమది ఎక్కువ. పిక్క నొక్కితే అరిచాడు. లోపల రక్తం గడ్డకట్టింది. మందు మొదలుపెట్టారు. తెరిపిన పడ్డాడు.

అక్క

జూన్ 15

అక్కా,

‘దస్తూరి బాగుంది’ అన్నావు చూడు, దానికంటే చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది.

మాస్టారిని నిలదీశాను. “మీరన్నది నిజం, అది ముందు అడగాల్సింది, క్షమించండి” అంది. మీ మరిది పదిహేడేళ్ళ కాపురంలో అడగనన్ని క్షమాపణలు ఒక్క సాయంత్రంలో అడిగింది. అడిగి, మళ్ళీ అంతే ధీమాగా ఇంకో జాబితా ఇచ్చింది. తప్పు చెప్పినా అదే గొంతు, ఒప్పు చెప్పినా అదే గొంతు. నాకు భయమేసింది. తేడా కనిపెట్టాల్సింది నేనే కదా, ఆ కనిపెట్టే తెలివి కోసమేగా దాని దగ్గరికి వెళ్ళింది!

పక్కగది పిల్ల నవ్వింది. “ఆంటీ, దాన్ని జవాబు అడక్కండి. మీ జవాబు మీరు చెప్పి, ఏం వదిలేశారో అడగండి” అంది. అలా మొదలుపెట్టాను. ఇప్పుడది నన్ను కొరుక్కు తింటోంది. ఎందుకనుకున్నారు, దేన్ని బట్టి అనుకున్నారు, అది కాకపోతే ఏమిటి, ఏం చూడలేదు. నెత్తిన తడిగుడ్డ వేసుకుని జవాబులు చెబుతున్నాను. అలిసిపోయాను అక్కా. గిన్నెలు తోమితే వచ్చే అలుపు కాదు ఇది. ఇలా అలిసిపోయి పధ్నాలుగేళ్ళయింది.

ఇంకొకరిని పంపు.

పిచ్చుక

జూన్ 18

పిచ్చుకా,

తడిగుడ్డ బాగా పిండి వేసుకో. జలుబు చేస్తుంది.

పదిహేనో మంచం. అరవై దాటిన ఆడమనిషి. నిన్న చేరింది. మూడు రోజులు వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కుతోంది. విరేచనాలు తగ్గాయి. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎవరు పలకరించినా ‘బానే ఉంది’ అంటుంది. కోడలు కనిపెట్టుకుని ఉంది.

ఇద్దరు సిస్టర్లు సెలవులో ఉన్నారు. నాకు ఇవాళ్టికి వరసగా పదకొండో రోజు. పొద్దున డ్యూటీకి ముందు ప్రార్థనకి కళ్ళు మూస్తే అక్కడే నిద్ర పడుతోంది. దేవుడు ఏమీ అనుకోడులే అనుకుంటున్నాను.

అక్క

జూన్ 21

అక్కా,

పదిహేనో మంచం పెద్దమ్మ గురించి నేనూ మాస్టారూ ఒక పూటంతా కూర్చున్నాం. ముందు నేను చెప్పాను, తర్వాత అది అడిగింది. నువ్వు రాసినదాంట్లో లేనివి పదహారు తేలాయి. అన్నీ విడిగా కాగితం మీద రాసి పెడుతున్నాను. ముఖ్యంగా, ఆవిడకి మూత్రం ఎంత వస్తోంది? ఎవరైనా కొలుస్తున్నారా? మోకాళ్ళకి ఏ మాత్రలు వేసుకునేది? ఆస్పత్రిలో కూడా వేసుకుంటోందా? సంచీ వెతికారా? ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ నొప్పి మాత్రలు పడితే కిడ్నీలకి మంచిది కాదట. నేను చదివి మర్చిపోయిన సంగతే.

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న సిస్టరు ఇన్ని ఎలా వదిలేసిందా అని మాస్టారు ఆశ్చర్యపోయింది. నేను కాదమ్మా, అదే!

పదహారుకీ జవాబు పంపు. దస్తూరి బాగున్నా లేకపోయినా పరవాలేదు.

పిచ్చుక

జూన్ 24

పిచ్చుకా,

పదహారూ పొద్దున గుమ్మంలో నిలబడి చదివాను. ఇప్పుడు టీ తాగుతూ వార్డులోనే రాస్తున్నాను.

మా దగ్గర మార్పు ఉంటేనే రాస్తాం. రాయలేదంటే మార్పు లేదని. ఇన్‌చార్జి అయిన ఏడాది నేనే పెట్టిన పద్ధతి. నలభై మంచాలకి ముగ్గురం. బాగున్నవన్నీ రాస్తూ కూర్చుంటే బాగోలేనివాళ్ళని ఎవరు చూస్తారు? ఈ సంగతి మీ మాస్టారికి తెలియకపోవచ్చు. చెప్పు.

పదిహేనో మంచం మార్పు లేదు.

అక్క

జూన్ 27

అక్కా,

కోపం వచ్చినట్టుంది. నవ్వుతావనుకుని రాశాను.

నువ్వు మార్పు లేదన్నావు కాబట్టి పెద్దమ్మ కేసు మూసేశాను. “జవాబులు వచ్చాయా?” అని మాస్టారు అడిగితే వచ్చాయన్నాను. ఇంకొకరిని పంపు. పిల్లలెవరైనా ఉంటే పంపు. పిల్లల మందుల మోతాదులు నాకు అసలు గుర్తుండటం లేదు. నిన్న మాస్టారు చెప్పిన మోతాదు ఒకటి పుస్తకంలో చూస్తే వేరేగా ఉంది. పుస్తకం పాతదా, మాస్టారు తప్పా అని లైబ్రరీలో రెండు గంటలు పట్టింది తేల్చుకోడానికి. పుస్తకమే ఒప్పు. ఇలా అయితే ఒక్కో మందుకి ఒక్కో పూట.

మా అమ్మాయి ఫోన్ చేసి, “అమ్మా, నీకు హోంవర్క్ అయిందా?” అంటోంది. ఎన్నాళ్ళ కసో.

పిచ్చుక

జులై 8

అక్కా,

మొన్న ఇంకో ఉత్తరం కూడా రాశాను. దేనికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే “డ్యూటీలో ఉన్నాను” అని పెట్టేశావు. ‘ఊఁ’ అయినా అనలేదు.

మనసు ఊరుకోక ఒక పని చేశాను. నీ ఉత్తరాలన్నీ మాస్టారికి చదివి వినిపించి, మా అక్కకి కోపమా అని అడిగాను. “ఇవి రాసినవారు చాలా అలిసిపోయినట్టుంది. అంతకు మించి నేను చెప్పలేను, ఆవిడనే అడగండి” అంది. తీరా అడిగితే నువ్వు పలకవు.

ఇంకోటి ఒప్పుకోవాలి. ఇన్ని ఎలా వదిలేసిందా అని ఆశ్చర్యపోయింది మాస్టారు కాదు. అది అలాంటి మాటలు అనదు. నేనే అన్నాను. దస్తూరి మాటకి బదులు తీర్చుకుందామని దాని నెత్తిన పెట్టాను. తిట్టు, పడతాను. మాట్లాడు.

పిచ్చుక

జులై 13

పిచ్చుకా,

నా ఉత్తరాలు నీకు రాసినవి. ఇంకెవరికీ చదవకు.

కోపం కాదు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

నీ ప్రశ్నలు అందిన రోజు పదిహేనో మంచం దగ్గర ఆగాను. “ఎలా ఉందమ్మా” అన్నాను. “బానే ఉంది” అంది. నీ కాగితం కోటు జేబులో ఉంది. మూత్రం గురించి అడిగావని గుర్తుంది. అడగలేదు. ఎందుకు అడగలేదో దేవుడి దగ్గర చాలాసార్లు చెప్పుకున్నాను, నీకూ చెబుతాను. మా చెల్లెలి ఫోను చెబితే నేను నా వార్డులో తిరగాలా అనిపించింది. అంతే. ముందుకి వెళ్ళిపోయాను. తర్వాత టీ తాగుతూ నీకు మార్పు లేదని రాశాను.

మర్నాటి పొద్దుటికి మొహం ఉబ్బింది. ఆయాసం. అప్పుడు కోడల్ని అడిగితే, ఒకటిన్నర రోజుగా మూత్రం లేదంది. ఆవిడ తనే లేచి బాత్రూంకి వెళ్తోంది కాబట్టి మేమెవరం కొలవలేదు. కొలవలేదు కాబట్టి రాయలేదు. రాయలేదు కాబట్టి తర్వాతి సిస్టరు మార్పు లేదనుకుంది. దిండు కింద మోకాళ్ళ మాత్రల డబ్బా దొరికింది. సగం అయిపోయింది.

కిడ్నీలు ఆగిపోయాయి. డయాలసిస్ గదికి మార్చారు. ఇప్పటికి ఏడుసార్లు అయింది. మూత్రం ఇంకా రాలేదు.

సూపరింటెండెంటు విచారణ పెట్టారు. పని ఎక్కువ, ఎవరి తప్పూ కాదు అని రాయబోయారు. పద్ధతి నాది, ప్రశ్న నా జేబులో ఉంది అని చెప్పాను. ఆయన అదీ రాసుకున్నారు. నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే నలభై మంచాలకి ఇద్దరే మిగులుతారు.

అక్క

జులై 17

అక్కా,

నేను పరీక్షకి కూర్చోను. పెద్దాయనకి కాగితం రాసి పెట్టాను. నెలాఖరుకి ఇచ్చి వచ్చేస్తాను.

నువ్వు అడగలేదని నీ బాధ. మరి నేను? ప్రశ్న నాది. జవాబు రాలేదు, వచ్చింది ‘మార్పు లేదు’ అన్న ఒక్క ముక్క. దాన్ని పట్టుకుని కేసు మూసేశాను. ఒక్క ఫోన్ చేసి, “అక్కా, కొలిచారా లేదా, అది చెప్పు” అనలేకపోయాను. అనడానికి మొహం లేదు, ఎందుకంటే ముందే నిన్ను ఎకసెక్కాలాడాను. ఆ ఒక్క మాట రాయకపోతే నువ్వు అడిగేదానివి. నువ్వు కాదన్నా నాకు తెలుసు.

ఏమీ తెలియక తప్పు చేస్తే చదువుకోవచ్చు. తెలిసి కూడా నోరు మూసుకున్నదానికి ఏ పుస్తకం ఉంది? నలభై రెండేళ్ళొచ్చాయి. ఇంట్లో మా అత్తగారికి చివరి దాకా బాగా చేశానని అందరూ అన్నారు. నా వైద్యం అంతవరకే అనుకుంటాను.

పిచ్చుక

జులై 21

పిచ్చుకా,

కాగితం ఇవ్వకు.

నిన్న పదిహేనో మంచం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మూత్రం మొదలైంది, కొద్దికొద్దిగా. కొలుస్తున్నారు. స్టూలు వేసుకుని కూర్చుని అంతా చెప్పాను. ఫలానా రోజు ఫలానా మాట అడగమని మా చెల్లెలు రాసింది, నేను అడగలేదు అని.

ఆవిడ చివరిదాకా విన్నది. “అడిగితే మాత్రం చెప్పేదాన్నా సిస్టరమ్మా! బానే వస్తోందనేదాన్ని. రాకపోతే గొట్టం వేస్తారని పక్క మంచం ఆవిడ చెప్పింది” అంది.

“మాత్రలు?” అన్నాను.

“లేవనేదాన్ని. మీరు లాక్కుంటారుగా.”

నవ్వబోయింది, దగ్గు వచ్చింది. కోడలు నవ్వలేదు. నావైపు చూడలేదు. ఆ అమ్మాయిది న్యాయం.

ఆవిడ నన్ను క్షమించిందని నీకు రాయడం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. నువ్వు అడిగావు, నేను అడగలేదు. నేను అడిగినా ఆవిడ చెప్పేది కాదు. అయితే ఇంకోసారి అడగాలి. మీ మాస్టారు ఏం అడగాలో చెబుతుంది. నాకంటే బాగానే చెబుతుంది, ఒప్పుకుంటున్నాను. బానే ఉందన్న మనిషి పక్కన కదలకుండా నిలబడి రెండోసారి అడగడం దాని పని కాదు. ఆ పని నేను చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు. నేర్చుకోవాలంటే రోగుల మధ్యే నేర్చుకోవాలి, ఇంట్లో కూర్చుంటే రాదు.

వార్డులో పద్ధతి మార్చాను. చూసినవి రాస్తాం, చూడనివి ‘చూడలేదు’ అని రాస్తాం. చేతులు పడిపోతున్నాయని సిస్టర్లు విసుక్కుంటున్నారు. నిజమే. నాకూ పడిపోతున్నాయి.

నీకోసం ప్రార్థన చేస్తాను. కూర్చో పరీక్షకి.

అక్క

జులై 28

అక్కా,

కాగితం ఇవ్వలేదు. చింపలేదు కూడా. పుస్తకంలో పెట్టాను.

నువ్వన్నది మాస్టారితో సాధన చేద్దామని, “నువ్వొక రోగివి, ఏది అడిగినా బానే ఉందని దాచాలి” అని చెప్పాను. బాగానే దాచింది. కానీ “నిజం చెప్పండి” అని కొంచెం మెత్తగా అనేసరికి అన్నీ వరసపెట్టి ఒప్పేసుకుంది పాపం. నిన్న, కొంచెం గట్టిగా ఉండమని తిడితే, ఇవాళ ఉరితీసినా చెప్పనంటోంది. మధ్యలో ఉండే మనిషి రావడం లేదు. పదిహేనో మంచం పెద్దమ్మ దగ్గర దానికి ట్యూషన్ పెట్టించాలి.

అందుకని పొద్దునపూట చదువు దానితో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డులో. సిస్టర్లు ఒక స్టూలు ఇచ్చారు. ఎవరో ఒకరి పక్కన కూర్చుంటున్నాను. చాలామంది కోడళ్ళ గురించి చెబుతున్నారు. మధ్యలో ఎక్కడో రోగం వస్తుంది.

పిచ్చుక

ఆగస్టు 30

అక్కా,

నిన్న పరీక్ష అయింది.

యాభై ఏళ్ళ లారీ డ్రైవరు. నీరసం, బరువు తగ్గాడు, పాలిపోయి ఉన్నాడు. పెద్దాయన చేతిగడియారం తీసి బల్ల మీద పెట్టారు. ఇరవై నిమిషాలు. నేను అడుగుతుంటే ఆ మనిషి టకటకా చెబుతున్నాడు. విరేచనం నల్లగా అవుతోందా అంటే లేదన్నాడు, మరీ తొందరగా అన్నాడు. రాసుకుని ముందుకి వెళ్ళాను. పొట్ట చూశాను, గుండె విన్నాను. ఇంక రెండు నిమిషాలుండగా వెనక్కి వచ్చాను. కూర్చుని, “ఇందాక ఒక మాట అడిగాను. మళ్ళీ అడుగుతున్నాను” అన్నాను. అతను గోడ వైపు తిరిగాడు.

“టైమైంది” అన్నారు పెద్దాయన.

“ఇంకా జవాబు రాలేదండీ” అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆయన గడియారం తీసి జేబులో వేసుకుని పక్కన ఖాళీ మంచం మీద కూర్చున్నారు. నేను కూర్చున్నచోటు నుంచి లేవలేదు. కాసేపటికి ఆ డ్రైవరు గోడతో చెప్పినట్టు చెప్పాడు. “మూడు నెలలైందండీ. తారులాగా. ఇంట్లో తెలీదు.”

వరండాలోకి వచ్చాక కారణాలు చెప్పమన్నారు. నాలుగు చెప్పాను. “మిగతావి?” అన్నారు. గుర్తురావడం లేదండీ, చూసి చెబుతానన్నాను. “చూడండి” అని సంతకం పెట్టారు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. పెన్ను రాయకపోతే రెండుసార్లు విదిలించారు.

సోమవారం నుంచి డ్యూటీ. సంతోషం రావాలి కదా. మెట్లెక్కి వచ్చి మంచం మీద వాలిపోయాను. ఇవాళ పరీక్షలు చేశారు, పొట్టలో కణితి ఉంది. అతని భార్య రేపు వస్తుందట. ఆవిడకి ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరు చెబుతారని సిస్టరుని అడిగితే, “మీరే కదండీ డాక్టరు” అంది.

పిచ్చుక

సెప్టెంబర్ 3

పిచ్చుకా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ఇది చేరేలోగా ఆవిడకి చెప్పేసి ఉంటావు. ఇక ముందు కూడా ఇలాంటివి వస్తాయి కాబట్టి రాస్తున్నాను. నిలబడి చెప్పకు. ముందు వాళ్ళని కూర్చోబెట్టు, తర్వాత నువ్వు కూర్చో. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో. చెప్పాక వెంటనే లేవకు. ఏడిస్తే ఏడవనీ. ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకు.

పదిహేనో మంచం ఆవిడ ఇంటికి వెళ్ళింది. కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. నెలనెలా వచ్చి చూపించుకోవాలి. మెట్ల దగ్గర సంచీ అందుకోబోయాను. కోడలు ఇవ్వలేదు, తనే మోసుకెళ్ళింది.

ఇవాళ పొద్దున ప్రార్థనలో ఏమీ అడగలేదు. ఊరికే కూర్చున్నాను. ఈసారి నిద్ర పట్టలేదు.

డ్యూటీకి మెత్తటి చెప్పులు కొనుక్కో. ఒక నంబరు పెద్దవి తీసుకో. సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి.

అక్క